లాప్‌టాప్‌కు నెట్ వచ్చిపోతూ ఉంటే: సంఘాలకు ఒక పాఠం



కొలత యంత్రం, వెన్న పరీక్ష యంత్రం, లాప్‌టాప్ ఒకే బల్ల మీద చేరిన తరువాత కొన్ని పాల సంఘాలలో ఒక కొత్త తగాదా పుట్టింది. ఉదయం పాలు పోసిన సభ్యునికి సెల్‌ఫోనులో మెసేజి రాదు. సాయంత్రం రెండు పూటలవీ కలిసి వస్తాయి. లెక్కలో ఏదో తేడా ఉందని అనుమానం కార్యదర్శి మీదికి పోతుంది. చాలాసార్లు అసలు సంగతి నెట్ మధ్య మధ్య తెగిపోవడమే.

పూర్తిగా చెడిన వస్తువు బాగు చేయడం తేలిక. వచ్చిపోయే జబ్బు కష్టం. మెకానిక్ వచ్చేసరికి అంతా సవ్యంగానే ఉంటుంది. కనుక తెగిన తేదీ, గంట, నిమిషం, ఆ సమయంలో గదిలో ఏమి నడుస్తున్నదీ ఒక నోటుపుస్తకంలో వారం రోజులు వ్రాయవలెను.

ట్యాంకరు పాలు విరిగితే ఏమి చేస్తాము? ఒక్కొక్క క్యానులోని పాలు కాచి చూసి దోషం ఎక్కడిదో తేలుస్తాము. ఇక్కడ క్యాన్లు మూడే: లాప్‌టాప్, నెట్ పంచే పెట్టె అయిన రౌటరు, బయటి నుండి రౌటరుకు వచ్చే లైను.

లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరచి, ఇంగ్లీషు అక్షరాలతో ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే ఎదుట కనబడేది రౌటరు నంబరు, 192.168.1.1 వంటిది. తరువాత పింగ్ అని కొట్టి, ఆ నంబరు వేసి, కాస్త ఖాళీ విడిచి, చిన్న అడ్డగీత, దాని పక్కనే టి అక్షరం చేర్చితే లాప్‌టాప్ రౌటరును ఆగకుండా పిలుస్తుంది. రెండో నల్ల కిటికీలో అదే విధంగా 8.8.8.8 ను పిలవవలెను. ఇది గూగుల్ సంస్థ నడిపే బయటి నంబరు. నెట్ తెగినప్పుడు రౌటరు పలుకుతూ బయటి నంబరు పలకకపోతే, లోపం చాలావరకు లైనులో ఉన్నట్లు. రౌటరే పలకకపోతే లోపం మన గదిలోనే ఉన్నది.

ఒక సభ్యుని కుమారుడు నానక్‌రామ్‌గూడలో కంప్యూటరు ఉద్యోగి. ఒకప్పుడు నగరం వెలుపలి పల్లె అది. 2019లో అమెజాన్ సంస్థ తన పెద్ద భవనాన్ని అక్కడే ప్రారంభించింది. అద్దాల మేడల వెనుక సందులనిండా హాస్టళ్లు. అతని గదిలో పగలు నెట్ బాగుండి, రాత్రి తొమ్మిది దాటితే తెగేది. అప్పుడు రౌటరు పలికేది కాదు. సెల్‌ఫోను నెట్‌ను కేబులుతో ఇస్తే మాత్రం నిలకడగా ఉండేది. వైఫై జాబితా తెరిస్తే ఇరుగు పొరుగు రౌటర్ల పేర్లు తెరనిండా ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ దారిలో ఒకదానికొకటి అడ్డు రాని చానళ్లు 1, 6, 11 అని మూడే. అందరూ గదులకు చేరే వేళకు అక్కడ ఇరుకు. 5 గిగాహెర్ట్జ్‌కు మార్చగానే బాధ పోయింది. దానికి గోడలు దాటే శక్తి తక్కువ, అందుకే పొరుగు పోరూ తక్కువ.

తరువాత ఆ లాప్‌టాప్‌నే అతడు తండ్రి సంఘానికి ఇచ్చాడు. పల్లెలో పొరుగు రౌటర్లు లేవు, అయినా నెట్ తెగుతూనే ఉంది! కొందరు పాత సరుకు అంటగట్టాడని కూడా అన్నారు. కేబులు తగిలించినా అదే తంతు. నోటుపుస్తకం తిప్పితే తెలిసింది: తెగిన ప్రతిసారీ బల్క్ కూలరు కంప్రెసరు అప్పుడే ఆన్ అయింది. కంప్రెసరు మొదలయ్యే క్షణంలో చాలా కరెంటు లాగుతుంది, వోల్టేజి పడిపోతుంది, రౌటరు ఆరి మళ్లీ వెలుగుతుంది. అది తేరుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు. చిన్న యు.పి.ఎస్. పెట్టిన తరువాత తెగుడు ఆగింది. కొత్త లాప్‌టాప్ కొనమని తీర్మానం వ్రాయబోయినవారు ఆ ఖర్చు తప్పించుకున్నారు.

రౌటరును కూలరు వెనుక పెట్టకండి. స్టీలు తొట్టె వైఫైని అడ్డుకుంటుంది. లాప్‌టాప్ ఒక్కదానికే తెగుతూ, అదే వైఫై మీద సెల్‌ఫోనుకు బాగుంటే, డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ తెరచి, పవర్ మేనేజ్‌మెంట్ కింద కరెంటు ఆదా కోసం దానిని ఆపివేసే అనుమతి టిక్కు తీసివేయవలెను.

లోపం లైనుదని తేలితే కంపెనీకి ఫిర్యాదు చేయునప్పుడు నోటుపుస్తకంలోని వేళలు చదివి వినిపించండి. ఊరికే "నెట్ రావడం లేదు" అంటే రౌటరు ఆపి వేయమని చెప్పి ఊరుకుంటారు. నెట్ లేని పూట కూడా పాలు తిప్పి పంపరాదు. లీటర్లు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. వ్రాసి కార్యదర్శి సంతకం చేసిన చీటీ సభ్యుడు అక్కడే అడిగి తీసుకుని, బిల్లు వచ్చేవరకు దాచుకోవలెను.