తోలుపని - దాని వెల

మోటబావులతో పొలములు పారించిన కాలమున తోలు లేక సేద్యము సాగెడిది కాదు. నీరు తోడు మోటకు కట్టిన తొండము తోలుది. ఎద్దుల మెడపట్టెలు, రైతు కాలి చెప్పులు, పండుగనాడు మ్రోగు డప్పు, ఇవి యన్నియు తోలువే. వీనిని చేసి యిచ్చినవారు మాదిగలు. ఒక్కొక్క వస్తువునకు ఇంత యని వెల వారికి ముట్టెడిది కాదు. పంట వచ్చినపుడు రైతు కళ్లములో కొలిచి యిచ్చు గింజలే వారి ప్రతిఫలము. దానిని మేర యనెడివారు. ఒక జత చెప్పులకు ఎంత ప్రొద్దు పట్టినదో ఎవరును లెక్కింపలేదు. ఇంత సేవ చేసినవారిని ఊరి వెలుపలనే యుంచిన సమాజమునకు ఆ లెక్కతో పని లేకపోయెను.

నేడు ఆ పనినే నగరములలో ఉద్యోగులును, కళాశాల విద్యార్థులును తీరిక వేళల వేడుకకై నేర్చుకొనుచున్నారు. పర్సులు, బెల్టులు, గడియారపు పట్టీలు, పుస్తకములకు తొడుగులు కోరినవారి కొలతలకు తగినట్లు చేతితో కుట్టి అమ్ముచున్నారు. ఇది మెచ్చదగినదే. అయితే వీరిలో పెక్కుమంది పని నేర్చినంత శ్రద్ధగా వెల కట్టుట నేర్వరు. వెల తెలియుటకు ముందు పని యెట్టిదో తెలియవలెను.

పచ్చితోలు కొలది దినములలో కుళ్లిపోవును. దానిని కుళ్లకుండ చేయుటయే పదును చేయుట. మన పల్లెలలో తోలును సున్నపునీటిలో నానవేసి, వెండ్రుకలు గీకివేసి, తంగేడు పట్టయు కరక్కాయయు వేసిన లందలలో చాల దినములు ఊరవేసెడివారు. 19వ శతాబ్దమున పాశ్చాత్య దేశములలో క్రోమియము లవణములతో పదును చేయు పద్ధతి వచ్చి, వారముల పనిని ఒకటి రెండు దినములకు తగ్గించెను. క్రోమియము తోలు మెత్తగా వంగును. చెట్టుపట్టతో పదునైన తోలు బిగువుగా నుండి, తడిపి అద్దిన ముద్రను నిలుపుకొనును. దాని అంచులు రుద్దినకొలది నిగనిగలాడును. చేతిపనివారు దానిని ఏరి కొనుటకు కారణ మిదియే. తంగేడు లందను అసహ్యించుకొన్నవారి మనుమలు నేడు ఆ తోలునకే ఎక్కువ ధర యిచ్చి కొనుచున్నారు! తెనాలి ప్రాంతపు యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు రసాయన శాస్త్రము చదివి, మద్రాసు నగరమున 1948లో ఏర్పడిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు సంచాలకులై, అందరు హీనముగా చూచిన ఈ విద్యకే తమ జీవితమును అంకితము చేసిరి.

ఒక పశువు తోలంతయు ఒకే తీరున నుండదు. వెన్నుభాగము గట్టిది, కడుపుభాగము సాగును. బెల్టును వెన్నువెంబడి కోయవలెను. లేనిచో ఏడాది తిరుగకుండ అది సాగి వంకర పోవును. మెడమీది ముడుతలను, ముండ్లు గీచిన గాట్లను తప్పించి కోయవలెను. తోలును చదరపు అడుగుల లెక్కన కొందురు గాని, కొన్నదంతయు పనికిరాదు.

ముందుగా అట్టముక్కపై కొలతలు గీసి, దానిని తోలుపై నుంచి కోయుదురు. ఇచట తొందర పనికిరాదు. బట్టలో సూది గుచ్చిన చోటు మూసికొనును. తోలులో పడిన రంధ్రము మూసికొనదు. రంపె యను వెడల్పు కత్తితో కోసి, ఆరెతో సమదూరమున రంధ్రములు చేసి, మైనము రాచిన ఒకే దారమునకు రెండు కొనలను రెండు సూదులు తగిలించి, ప్రతి రంధ్రమునను రెండింటిని ఎదురెదురుగా దూర్చి బిగింతురు. యంత్రపు కుట్టులో పై దారమును క్రింది దారమును ఒకదానినొకటి పెనవేసికొని యుండును. ఒకచోట తెగినచో వరుసగా ఊడిపోవచ్చును. చేతికుట్టు ఒకచోట తెగినను ప్రక్క కుట్లు విడువవు. చేతిపనికి ఎక్కువ వెల యడుగుటకు ఇట్టి గుణమే కారణము కావలెను. ఊరక "చేతితో చేసినది" యన్నంతమాత్రమున చాలదు. వంకర కుట్టు కుట్టిన చేయియు చేయియే కదా!

ఇక లెక్క. ఒక బ్యాంకు గుమాస్తా ఒక మడత పర్సు కుట్టినాడనుకొందము. తోలు చదరపు అడుగు 200 రూపాయలని భావింతము. కోతలో పోవు ముక్కలతో కలిపి అడుగున్నర పట్టెను. అది 300 రూపాయలు. దారము, మైనము, జిగురు కలిసి 40. దానిని 500 రూపాయలకు అమ్మి, 160 లాభము వచ్చెనని అతడు సంతోషించును. కాని పనిముట్లను మరచెను. అవి 6,000 రూపాయలై, నూరు వస్తువులు చేయువరకు పనికివచ్చినచో ఒక్కొక్క వస్తువుపై 60 పడును. మిగిలినది 100. కొనువానితో మాటలాడి కొలత తీయుటకు ఒక గంట, అట్ట గీసి తోలు కోయుటకు రెండు, రంధ్రములు చేసి కుట్టుటకు మూడు, అంచులు నునుపు చేయుటకు రెండు. మొత్తము ఎనిమిది గంటలు. గంటకు 12 రూపాయల 50 పైసలు! 2025-26 సంవత్సరమున మన రెండు తెలుగు రాష్ట్రములలోను గ్రామీణ ఉపాధి హామీ పథకమున మన్ను త్రవ్వినవారికి నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. గంటకు 75 రూపాయల చొప్పున కూలి వేసికొన్నచో 600; సామగ్రికిని పనిముట్లకును 400; చెడిపోవు తోలునిమిత్తము 50. పర్సు వెల 1,050 రూపాయలు కావలెను.

"నాకు జీతము కలదు. ఈ పని నా సంతోషమునకు గదా, కాలమునకు వెల యేల?" యని గుమాస్తా యనవచ్చును. అతని సంతోషము అతనిదే, కాదనువారు లేరు. అయితే ఆ వీధి మలుపున చెట్టుక్రింద కూర్చుండి చెప్పులును సంచులును కుట్టి బ్రతుకువాడు వేరొకడు కలడు. 500కు పర్సు కొన్నవాడు రేపు అతనియొద్దకు పోయి, "అచట ఐదువందలకే యిచ్చిరి, నీకేల ఎక్కువ?" యని యడుగును. గుమాస్తా చూపిన ఔదార్యమునకు మూల్యము చెల్లించునది అతని యిల్లు. అతనికి జీతము లేదు. మిత్రునకు ఇయ్యదలచినచో ఊరక ఇయ్యవచ్చును. కానుకతో ఎవరును బేరమాడరు. తక్కువ ధర మాత్రము నాలుగు చోట్లకు ప్రాకును. అంతేకాదు, అంచులు పలుచన చేయుట క్రొత్తవానికి గంట పని. చెట్టుక్రింది చేయి తిరిగినవాడు రంపెతో కొలది నిమిషములలో చేయగలడు. ఆ పని అతనికి ఒప్పగించి, కూలి యిచ్చి, దానిని వెలలో చేర్చుకొనుట ఇరువురకును మేలు.

కొనువాడు వెల తగ్గింపుమన్నచో కూలి తగ్గించుకొనక పనిని తగ్గింపవలెను. నాలుగు అరలకు మారు రెండు చాలునా? ముద్రవేసిన అక్షరములు మానవచ్చునా? ఇట్లు అడిగి తెలిసికొని, కొలత, రంగు, గడువు ఒక కాగితముపై వ్రాసి, సగము సొమ్ము ముందుగా తీసికొని మరి తోలు కోయవలెను. ఒకరి పేరు ముద్రవేసిన పర్సును ఆ పేరుగలవాడు తప్ప మరియొకడు కొనడు గదా!