చెట్లవలె కనబడిన మనుష్యులు

చదువుము: మార్కు 8:22–26

యేసు ప్రభువు ఒక్క మాటతోనే గ్రుడ్డివానికి చూపునిచ్చిన సందర్భము సువార్తలలో కలదు. బేత్సయిదాలో మాత్రము ఆయన ఒకని మీద రెండుమారులు చేతులుంచెను. మొదటిమారు ఏమైనను కనబడుచున్నదా అని అడుగగా, మనుష్యులు కనబడుచున్నారు గాని నడుచు చెట్లవలె ఉన్నారని వాడు చెప్పెను. మత్తయి, లూకా ఈ సంగతిని వ్రాయనేలేదు. ప్రభువు శక్తి మొదటిమారు చాలలేదా అను ప్రశ్న చదువరులను చాలకాలముగా కలవరపెట్టుచున్నది.

జవాబు వెదకుటకు ముందు, చూచుట అనగా ఏమో ఆలోచింతము. కంటిని కిటికీతో పోల్చుట మనకు వాడుక. తలుపు తెరచిన వెలుగు వచ్చును, వెలుగు వచ్చిన చూపు కలుగునని యెంచుదుము. వాస్తవము అంత సులభము కాదు. సుమారు 380 మొదలు 750 నానోమీటర్ల వరకు పొడవుగల వెలుగు తరంగములు మాత్రమే మనకు అగపడును. అవి కంటి వెనుకనున్న రెటీనా అను పొరమీద తలక్రిందులైన బొమ్మను వేయును. ఆ పొరలో మసక వెలుతురున పనిచేయు దండకణములు సుమారు 12 కోట్లు, రంగులను గుర్తించుటకు తోడ్పడు శంకుకణములు సుమారు 60 లక్షలు కలవు. శంకుకణములు మూడే విధములు. మనమెరిగిన రంగులన్నియు ఈ మూడింటి సంకేతములను పోల్చి చూచుటవలన కలుగుచున్నవి. సాయంకాలము పసుపుపచ్చని దీపము క్రింద బైబిలు తెరచినయెడల, పుటనుండి కంటికి చేరు వెలుగు పచ్చనిదే. అయినను పుట తెల్లగానే తోచును. దీపపు రంగును మెదడు తీసివైచి లెక్కకట్టును.

ఈ లెక్క నేర్వని మెదడుగల వానికి కన్నులు తెరచినయెడల ఏమగును? పుట్టు గ్రుడ్డివాడొకడు చేతితో తడిమి ఘనమును, గోళమును ఎరిగియున్నాడనుకొందము. చూపు వచ్చిన వెంటనే, ముట్టకుండ వాటిని గుర్తించగలడా అని డబ్లిన్ నివాసియైన విలియం మోలినో 1688లో తత్త్వవేత్త జాన్ లాక్‌కు వ్రాసి అడిగెను. 1728లో లండను శస్త్రవైద్యుడు విలియం చెసెల్డెన్ తాను చూపునిచ్చిన బాలుని గూర్చి ప్రకటించెను. ఏది పిల్లియో ఏది కుక్కయో ఆ బాలునికి చూపుతో తెలియలేదు. తుదకు పిల్లిని పట్టుకొని, తడుముచు, దానినే తేరిచూచి నేర్చుకొనెను. మన దేశములోనే, గ్రుడ్డితనముతో పుట్టి ఆలస్యముగా చికిత్స పొందిన 8 మొదలు 17 ఏండ్లవారిని ఐదుగురిని, పవన్ సిన్హా మొదలగు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2011లో ఫలితములు ప్రచురించిరి. చేతితో తడిమిన వస్తువును కట్టు విప్పిన వెంటనే వారు కంటితో గుర్తింపలేకపోయిరి; కొద్ది దినములకే గుర్తింప నేర్చిరి.

బేత్సయిదావాని మాట ఈ అనుభవమునకు ఎంత దగ్గరగానున్నది! అయినను సువార్తను వైద్యగ్రంథముగా చేయుట నాకు సమ్మతము కాదు. వాడు పుట్టు గ్రుడ్డివాడని మార్కు చెప్పలేదు. 25వ వచనములోని గ్రీకు క్రియ పూర్వస్థితికి తేబడుటను సూచించును. చెట్టు ఎట్లుండునో వాడు మునుపు చూచియుండవచ్చును. నిశ్చయముగా చెప్పదగినది ఒకటే: కన్ను తెరువబడుటయు, కనబడినదానిని గ్రహించుటయు ఒకటి కావు. ఆ వచనములో ‘తేటగా’ అని మనము చదువు మాటకు మూలము ‘తేలౌగోస్’. క్రొత్త నిబంధనలో అది ఈ ఒక్కచోటనే కలదు. దూరమునుండి ప్రకాశించుట అను భావము దానిలోనున్నది. ‘తేటగా’ అనిన మంచి తెలుగే గాని ఆ దూరము జారిపోవును. ‘తేరిచూచి’ అను చోటనున్న క్రియ మరి రెండు తావులలోనే వచ్చును: మత్తయి 7:5, లూకా 6:42. తన కంటిలోని దూలమును తీసివేసికొనినవాడు సహోదరుని నలుసును స్పష్టముగా చూచునని చెప్పునప్పుడు ప్రభువు వాడినది ఈ క్రియయే.

వాడు మసకను దాచలేదు. మన సంఘములలో బాప్తిస్మము పొందిన దినమే అంతయు స్పష్టముగా కనబడుచున్నదని సాక్ష్యము చెప్పవలెనని ఎదురుచూచుట కలదు. మసకగానున్నదని చెప్పుటకు క్రొత్త విశ్వాసి సిగ్గుపడును. మార్కు అట్లు ఎదురుచూచువాడు కాడు. కన్నులుండియు చూడరా అని ప్రభువు శిష్యులనడిగిన (8:18) తరువాతనే అతడు ఈ స్వస్థతను ఉంచెను. వెంటనే పేతురు ఆయనను క్రీస్తని ఒప్పుకొనెను. కొన్ని వచనములకే, ఆయన శ్రమపడవలెనన్న మాటను త్రోసివేసి గద్దింపబడెను. మరల గ్రుడ్డివాడు మార్కులో కనబడునది 10:46లో, యెరికోయొద్ద. ఈ ఇద్దరి నడుమ ప్రభువు తన మరణమును మూడుమారులు తెలియజేసెను (8:31, 9:31, 10:33, 34). మూడుమారులును శిష్యులకు అది అర్థము కాలేదు. యెరికోలో చూపు పొందిన బర్తిమయి, యెరూషలేమునకు పోవు ఆ త్రోవనే ఆయనను వెంబడించెను.