ఒక రాత్రి బయట పడుకోవాలంటే

టెంటులో పడుకుందామని పిల్లలు అడగడం ఈమధ్య బాగా ఎక్కువైంది. ఫోన్లో చూస్తారు కదా: కొండ అంచున రంగురంగుల గుడారం, పక్కన చలిమంట, చేతిలో నూడుల్స్ గిన్నె. బైరెడ్డిపల్లెలోనో వి.కోటలోనో ఉన్న తండ్రికి ఆ మాట వింటే నవ్వొస్తుంది. "మీ తాత చేను కావలికి ఎన్ని రాత్రులు మంచె మీద పడుకున్నాడో లెక్కే లేదు. దానికి దుడ్లు కట్టి పోవాల్నా?" అంటాడు.

ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ మంచె ఎక్కింది తాత. తండ్రి పనికి బెంగళూరు బస్సెక్కాడు. బిడ్డ మాత్రం దోమలకు భయపడి తలుపులు బిగించిన గదిలో, ఫ్యాను కింద పెరుగుతోంది. వాన వచ్చే ముందు గాలి ఎలా మారుతుందో, అర్ధరాత్రి దాటాక చుక్కలు ఎంత పక్కకు జరుగుతాయో వాడికి తెలిసే దారి లేదు. కాబట్టి అడిగినప్పుడు తోసేయకండి. అడిగింది ఎనిమిదేళ్ల వాడైనా, పద్నాలుగేళ్ల పిల్లైనా సరే. కొడుకును స్కౌట్ల క్యాంపుకు పంపి, కూతురు అడిగితే "నీకెందుకు" అనే ఇళ్లు మన వైపు ఇంకా చాలానే ఉన్నాయి. కుటుంబంతో వెళ్లేటప్పుడైనా ఆ తేడా చూపకండి.

మొదటి రాత్రికి ఏ ఊరూ పోనక్కర్లేదు. మిద్దె మీద చాప పరిచి, దోమతెర కట్టి పడుకోండి. ఫోన్లు కిందే వదిలేయండి. మీ బిడ్డకు చీకటంటే భయమా, ఒంటికి పోవాలంటే లేపుతాడా, కుక్క అరిస్తే అతుక్కుంటాడా అన్నవన్నీ అక్కడే తెలిసిపోతాయి. భయపడితే "బూచోడు వస్తాడు" అని ఇంకాస్త బెదిరించే అలవాటు మన పెద్దవాళ్లలో ఉంది. ఆ రాత్రికి దాన్ని మానేస్తే చాలు, సగం పని అయినట్టే.

తర్వాత అసలు ప్రశ్న ఎక్కడికి అన్నది. అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపే ఫొటోల్లో చూసేది వేరే ఏర్పాటు. కాలిఫోర్నియా తీరం వెంబడి, అడవుల్లో, ప్రభుత్వమే గుడారాల స్థలాలు నడుపుతుంది. ఒక్కో స్థలానికి నంబరు, మంట వేసుకోను ఇనుప వలయం, బల్ల, దగ్గర్లో కుళాయి, మరుగుదొడ్డి ఉంటాయి. వేసవి స్థలాలకు ఆరు నెలల ముందే పోటీ. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు చప్పుడు చేయకూడదు. ఎలుగుబంట్లు తిరిగే యోసెమిటీ లాంటి చోట్ల తిండి సామానంతా ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేయాల్సిందే. మన దగ్గర ఆ పద్ధతి ఇంకా కుదురుకోలేదు. అందుకని ఖాళీ జాగా కనబడిన చోటల్లా గుడారం వేసుకోవచ్చనుకుంటే పొరపాటు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా దిగడం, నిప్పు పెట్టడం నేరం కూడా.

మనకు అందుబాటులో మొదటి చోటు హార్స్లీ కొండ. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె మీదుగా ఒక పూట ప్రయాణం. ఎత్తు సుమారు 1,260 మీటర్లు. మదనపల్లె కడప జిల్లాలో ఉన్న కాలంలో అక్కడి కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్లీ 1870 ప్రాంతంలో ఎండలు తప్పించుకోను కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. అంతకు ముందు నుంచీ అది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే చిన్నపిల్లను ఏనుగులు సాకాయని కథ. రాత్రి పిల్లలకు చెప్పను ఇంతకంటే మంచి కథ ఆ కొండ మీద దొరకదు. పర్యాటక శాఖ గదులు, అటవీశాఖ వసతి ఉన్నాయి. మొదటిసారికి గదిలోనే దిగి, రాత్రి ఆరుబయట ఎక్కువసేపు కూర్చోండి. గుడారమే కావాలంటే ఆ వసతుల ఆవరణలో ఇస్తారేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

చలికాలం అక్కడ చలి గట్టిగానే ఉంటుంది. చలికి తాళలేక బొగ్గుల కుంపటి గదిలోకో గుడారంలోకో తెచ్చుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. బొగ్గులు కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, పొగలా కళ్లు మండించదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంకో దుప్పటి తీసుకెళ్లండి. కోతులు చేతిలో పొట్లం లాక్కుంటాయని కూడా చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే బిడ్డ మొదట నేర్చుకునేది ఏడుపే.

కాస్త దూరం పోగలిగితే తలకోన ఉంది. 270 అడుగుల జలపాతం, శేషాచలం అడవి, అటవీశాఖ ఏర్పాటు చేసిన వసతి. ఇంకా దూరం పోతే నల్లమలలో, ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీశాఖవే గుడారాలు ఉన్నాయి. పిల్లలు ఫోన్లో చూసిన దానికి దగ్గరగా ఉండేది అదే, కాకపోతే అది పులుల అడవి. వానాకాలంలో ఇలాంటి చోట్లకు సందర్శకులను ఆపేస్తుంటారు గనక బయల్దేరే ముందు అడగాలి. అడవి వసతిలో కంచె దాటి పిల్లలు ఒంటరిగా పోకూడదన్న నియమం ఉత్త అతిజాగ్రత్త కాదు. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటన కుటుంబంతో నడిచి వెళ్తున్న ఆరేళ్ల పాపను చిరుత చంపింది. ఆ తర్వాత తిరుమల దేవస్థానం 15 ఏళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం 2 దాటాక నడకదారిలోకి రానివ్వలేదు. వేలమంది నడిచే దారిలోనే అలా జరిగింది. సందె వేళ, తెల్లవారుజామున బిడ్డ చేయి మీ చేతిలో ఉండాలి. ముందు పరిగెత్తనివ్వకండి, వెనకబడనివ్వకండి.

ఇక అందరికంటే దగ్గరున్న చోటు, అందుకే అందరికీ ముందు గుర్తొచ్చే చోటు: కైగల్ జలపాతం. మన బైరెడ్డిపల్లె మండలంలోనే, పలమనేరు–కుప్పం దారి నుంచి కొద్ది దూరం. నీళ్లు రాళ్ల మీద దుమికే చప్పుడును బట్టి దుముకురాళ్లు అంటారు. నలభై అడుగుల ఎత్తు నుంచి పడే ఆ నీళ్లను పిల్లలకు తప్పకుండా చూపించండి. పగలు పోండి, ఎండ ఉండగానే వచ్చేయండి. నాచు పట్టిన బండల మీదికి ఎక్కనివ్వకండి, కింద మడుగు లోతు చూసేవాడికి తెలియదు. రాత్రి మాత్రం అక్కడ ఉండకండి, పక్కన పొలం మనదే అయినా సరే.

ఎందుకో బిడ్డకు విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఈ కథ మన ఊరిదే. దాదాపు రెండు వందల ఏళ్లు ఈ అడవుల్లో ఏనుగుల జాడ లేదంటారు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఒక్కో గుంపుగా దాటుకుని కుప్పం, పలమనేరు వైపు వచ్చాయి. వాటి కోసమే 1990లో 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. కైగల్ అందులోనిదే. 2003లో రాయల ఏనుగుల రిజర్వు వచ్చింది. అడవి చిన్నది, మధ్యలో ఊళ్లు, చుట్టూ చెరకు, వరి, అరటి, మామిడి. పెద్ద ఏనుగుకు రోజుకు నూరు కిలోలకు పైనే మేత కావాలి. పగలంతా అడవిలో నీడ పట్టున ఉండి, పొద్దు గుంకాక నీళ్లకు, పంటలకు దిగుతాయి. మనం చలిమంట వేసుకుని పాటలు పాడుకుందామనుకునే వేళే వాటికి పనివేళ.

సోలార్ కంచెలు వేశారు, కందకాలు తవ్వారు, జాడ తీసేవాళ్లను పెట్టారు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం అడవి ఏనుగులను వెనక్కి తోలను శిక్షణ పొందిన నాలుగు కుంకీ ఏనుగులను ఇస్తే, పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం కట్టారు. ఇన్ని చేసినా కావలికి పోయి ఇంటికి తిరిగిరాని రైతులు ఈ మండలాల్లో ఉన్నారు. కరెంటు తీగ తగిలి చచ్చిపోయిన ఏనుగులూ ఉన్నాయి. రెండూ చెప్పండి. మొదటిది మాత్రమే చెబితే బిడ్డకు ఏనుగు శత్రువవుతుంది. రెండోది మాత్రమే చెబితే పక్కింటి రైతు కష్టం వాడికి అర్థం కాదు.

గుడారంలో పెట్టుకున్న అరటిపళ్లు, బెల్లం, పనసతొనల వాసన ఏనుగుకు మనం ఊహించలేనంత దూరం పోతుంది. మంట చూసి పారిపోతుందన్న నమ్మకమూ వద్దు. టపాకాయలకు, డప్పులకు అలవాటుపడిన గుంపులు ఇవి. ఏనుగు మనిషికంటే వేగంగా పరిగెత్తుతుంది కూడా. తాత మంచె మీద పడుకున్న రోజుల్లో ఆయన కాచింది అడవిపందుల నుంచి, పక్షుల నుంచి. ఆ ధైర్యాన్ని ఇప్పటి అడవికి అలాగే వాడుకోలేం.

సముద్రం మాటకొస్తే, అది మనకు చాలా దూరం. అందుకే పోయినప్పుడు అన్నీ ఒకే రోజు చేసేయాలనిపిస్తుంది. నెల్లూరు వైపు మైపాడు, బాపట్ల దగ్గర సూర్యలంక, ఎక్కడికి పోయినా మన పిల్లలు చెరువులో దిగినట్టు దిగుతారు. చెరువు నీళ్లు ఉన్నచోటే ఉంటాయి. సముద్రంలో అల వెనక్కి పోయేటప్పుడు కొన్ని చోట్ల సన్నని పాయలా ప్రవాహం లోపలికి లాగుతుంది. పైకి అక్కడ నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అదే మోసం. చిక్కుకున్న వాళ్లు ఒడ్డుకు ఎదురీదకుండా తీరం వెంబడి పక్కకు ఈదాలి. ఈత రాని పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి. గజ ఈతగాళ్లు, పోలీసులు ఉన్న చోటే దిగండి. చీకటి పడ్డాక నీళ్లలోకి ఎవరూ వద్దు, పెద్దలు కూడా.

ఇసుక మీద గుడారం వేయాలన్న సరదా ఉంటే పున్నమికీ అమావాస్యకీ అలలు ఎంత పైకి వస్తాయో ఊరి జాలరులను అడగండి. చాలాసార్లు గదిలో పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి తీరం మీదికి నడవడమే మేలు. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టను వస్తాయి. ఇసుకలోంచి బయటపడే తాబేలు పిల్లలు నీళ్ల మీద పడే వెలుతురును బట్టి సముద్రం వైపు పోతాయి, టార్చిలైటు వేస్తే దారి తప్పుతాయి. లైటు ఆర్పి నిలబడమంటే పిల్లలు మనకంటే బాగా నిలబడతారు.

సామాను సంగతి పెద్దగా చెప్పనక్కర్లేదు. మూసిన బూట్లు, ఒక్కొక్కరికి ఒక టార్చి, దోమల మందు, రోజూ వేసుకునే మాత్రలు. చిత్రాన్నం, ఉడకబెట్టిన శెనక్కాయలు, బొరుగులు సర్దుకుంటే పొయ్యి రాజేసే పనే ఉండదు. ఫిబ్రవరి నుంచి మే వరకు అడవి ఎండి ఉంటుంది, ఆ నెలల్లో నిప్పురవ్వ కూడా వద్దు. బూట్లు వేసుకునే ముందు దులిపి చూడమనండి. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, మంత్రం పెట్టించడం ఏదీ వద్దు. కరిచిన కాలు కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. సిగ్నల్ లేని చోటైతే దగ్గరి ఆసుపత్రి ఎటువైపో పగలే చూసి పెట్టుకోండి. మందు సీసాలు తెచ్చే స్నేహితుల కుటుంబంతో కలిసి పోకండి. రాత్రి ఏదైనా అయితే బండి నడిపేవాడు ఒకడైనా ఉండాలి.

ఇంత చేసినా అర్ధరాత్రి బిడ్డ లేచి "ఇంటికి పోదాం" అనవచ్చు. వసతిలో ఉంటే గదిలోకి మార్చండి, మిద్దె మీదైతే కిందికి దిగండి. "నీకోసమే కదా ఇంత దూరం వచ్చింది" అని దెప్పకండి. ఊరికొచ్చాక అవ్వ దగ్గర, మామల దగ్గర ఆ ఊసే ఎత్తకండి. ఆరు నెలలు పోయాక వాడే మళ్లీ అడుగుతాడు. అడగకపోతే వాళ్ల చెల్లి అడుగుతుంది.