విచ్ఛిన్నమద్యుడు: మదాత్యయ చికిత్సలో ఆహారక్రమం

చరకసంహిత చికిత్సాస్థానంలో ఇరువదినాలుగవ అధ్యాయం మదాత్యయ చికిత్స. సుశ్రుతుడు ఇదే విషయాన్ని ఉత్తరతంత్రం 47వ అధ్యాయంలో పానాత్యయమను పేర చెప్పినాడు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో నిదానస్థానం 6వ అధ్యాయాన, చికిత్సాస్థానం 7వ అధ్యాయాన దీనిని వివరించినాడు. వైద్యం మన వృత్తి కాదు. అయినను శబ్దార్థనిర్ణయం ప్రాచ్యకళాశాలల వారి పని గనుక, ఈ ప్రకరణంలోని ఒక సమాసాన్ని గూర్చి, దాని వలన మారిపోవు పథ్యాన్ని గూర్చి కొంత విచారింపవలసి యున్నది.

మదాత్యయం వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలతో నాలుగు విధాలు. వీటిని చెప్పిన పిదప చరకుడు ధ్వంసకం, విక్షయం అను మరి రెండు వికారాలను పేర్కొన్నాడు. ఇటీవలి కొన్ని వ్యాసాలలో ఈ రెండింటిని ‘త్రాగుడు హఠాత్తుగా మానినందున కలుగు బాధలు’ అని అనువదించుట కనబడుచున్నది. ఆధునిక వైద్యులు చెప్పు ఉపసంహరణ లక్షణాలకు ప్రాచీన పర్యాయం దొరికినదన్న ఉత్సాహమే దీనికి కారణం కావచ్చు. కాని మూలం అట్లు చెప్పదు. అక్కడి పదం ‘విచ్ఛిన్నమద్యః’. విచ్ఛిన్నం మద్యం యేన సః, అనగా మద్యాన్ని తెంచుకొన్నవాడు అని బహువ్రీహి. ఈ పదం కర్తకు విశేషణం మాత్రమే. వాక్యంలోని క్రియ అతిగా మద్యం సేవించుటను చెప్పుచున్నది. మానినవాడు మరల ఒక్కసారిగా మితిమీరి త్రాగినప్పుడు ఈ రెండు వ్యాధులు కలుగునని తాత్పర్యం. రోగహేతువు విరమణ కాదు, పునరాగమనం. విశేషణాన్ని హేతువుగా గ్రహించుటతో అర్థం తలక్రిందులైనది.

ఈ భేదం కేవలం వ్యాకరణ విషయం కాదు. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల వారికి విచ్ఛిన్నమద్యుడు ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. హనుమద్దీక్ష, అయ్యప్పదీక్ష స్వీకరించిన వారిలో అంతకు ముందు నిత్యం కల్లో సారాయో సేవించినవారు కొందరుందురు. మాల ధరించిన నాటి నుండి మండలకాలం చుక్క ముట్టరు. హనుమద్దీక్ష వారు హనుమజ్జయంతికి కొండగట్టు చేరి మాల విరమింతురు. దీక్షానియమం ఎందరినో శాశ్వతంగా ఆ అలవాటు నుండి తప్పించినది. దానిని తక్కువ చేయుట ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. అయితే తిరిగివచ్చిన రాత్రియే పాత మోతాదుతో మొదలుపెట్టువారును కలరు. నలుబది దినాల విరామంతో దేహం పూర్వపు సహనాన్ని కోల్పోవును గనుక పాత మోతాదే ఇప్పుడు అతిమాత్ర అగును. చరకుని ధ్వంసక రోగి ఇతడే.

ధ్వంసకంలో కఫం స్రవించుట, కంఠము నోరు ఎండుట, శబ్దాన్ని సహింపలేకపోవుట, మిక్కిలి తంద్ర, నిద్ర లక్షణాలు. విక్షయంలో హృదయకంఠాల పీడ, మోహం, వమనం, జ్వరం, దప్పిక, దగ్గు, శిరశ్శూల, అంగాల నొప్పి. క్షీణించిన దుర్బలదేహానికే ఇవి వచ్చునని చెప్పి, వాతమదాత్యయ చికిత్సనే విధించి, పాలు, నేయి, అభ్యంగం, స్నానం, వాతహరమైన అన్నపానాలు చేర్చినాడు. ఇందు లంఘనం లేదన్నది గమనార్హం. ఒంటిపూట భోజనంతో దేహం చిక్కి, ఆపై మద్యంతో దెబ్బతిన్నవానిని మరల పస్తుంచుట శాస్త్రసమ్మతం కాదు. లంఘనం కఫమదాత్యయానికి ప్రధానంగా చెప్పబడినది. అక్కడ యవలు, గోధుమలు, ఉలవకట్టు పథ్యం.

మరి హఠాత్తుగా మానుట వలని ఆపదను చరకుడు ఎరుగడా? ఎరుగును. దానిని వెదకవలసిన చోటు సూత్రస్థానం ఏడవ అధ్యాయం. అలవాటుపడిన అహితాన్ని క్రమక్రమంగా, పాదాంశం చొప్పున, నడుమ దినాల ఎడమిచ్చి విడువవలెనని అక్కడ విధి. వాగ్భటుడును పాదం, లేదా పాదంలో పాదం చొప్పున అపథ్యాన్ని త్యజింపవలెనన్నాడు. తొందరపాటు త్యాగం రోగహేతువని ఋతుచర్యలో స్పష్టంగా చెప్పినాడు. ఈ సాధారణసూత్రాన్ని మద్యానికి అన్వయించినచో ఉపసంహరణ విషయం పూర్తిగా లభించును. ధ్వంసకాన్ని వంచి అర్థం చెప్పనక్కరలేదు.

ఈ సూత్రం ఎంత నిజమో 2015లో తెలంగాణలో కనబడినది. కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమై సరఫరా ఒక్కమారుగా ఆగగా, నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో అనేకులు వణుకు, మూర్ఛ, మతిభ్రమణంతో ఆసుపత్రుల పాలైనారు. ఆ కల్లులో కలిసినవి క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు. తాటి, ఈత చెట్ల సహజరసంతో వాటికి సంబంధం లేదు. మదాత్యయాధ్యాయంలో ఇట్టి మిశ్రమానికి చోటు లేదు; ఆ శ్లోకాలతో ఆ రోగిని చూడబూనుట సాహసం.

శుద్ధమద్యం విషయంలోనైనను విరమణ తొలిదినాలు ఇంటి వైద్యానికి లొంగవు. చివరి పానం తరువాత కొద్ది గంటలకే వణుకు, రెండు దినాలలోపు మూర్ఛలు, రెండు మూడు దినాలకు ఉన్మాదం రాగలవు. ఇవి ప్రాణాంతకాలు కూడ. వైద్యులు ఉపశమనమిచ్చు మందును మొదట తగినంత ఇచ్చి దినదినం తగ్గింతురు. పాదాంశక్రమానికి ఇది మరొక రూపమనవచ్చు. మద్యంతోనే మదాత్యయాన్ని మాన్పవలెనన్న చరకుని ప్రసిద్ధవిధిని మాత్రం నేడు ఇంట అనుసరింపరాదు. పానాత్యయ ఔషధాన్ని ఏడు దినాలో ఎనిమిది రాత్రులో ఇవ్వవలెనని వాగ్భటుడు పెట్టిన గడువు ఆధునికుల అనుభవానికి దగ్గరగా ఉండుట ఆసక్తికరం.

ఇక ఆహారం. దీర్ఘకాలం త్రాగినవాని దేహంలో థయామిన్ అను బి1 విటమిన్ కొరవడును. పాలిష్ పట్టిన బియ్యంలో అది స్వల్పం. జొన్నలలో, పెసలలో ఎక్కువ. అయితే అట్టివాని ప్రేగులు దానిని సరిగా గ్రహింపవు గనుక మొదట సూదిమందుగా ఇత్తురు. అది ఇవ్వకముందే గ్లూకోజు ఎక్కించుట మెదడుకు హాని చేయవచ్చునని వైద్యుల హెచ్చరిక. పలుదినాలు తిండి లేనివానికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టినను రక్తంలో భాస్వరం పడిపోయి ప్రమాదం వచ్చును. కనుక పథ్యం కొద్దికొద్దిగా పెరుగవలెను.

చరకుని క్షీరవిధిని ఇచట స్మరింపవలెను. మద్యంచే దగ్ధుడై, కఫం క్షీణించి, వాతపిత్తాలు హెచ్చిన దుర్బలునికి పాలు వేసవిలో మాడిన చెట్టుకు వానవంటివని అతని ఉపమానం. చైత్ర వైశాఖాలలో కొండగట్టు దారిన నడచినవారికి ఈ ఉపమానం వ్యాఖ్యానాపేక్ష లేనిది. మద్యగుణాలు పది, ఓజోగుణాలు పది పరస్పరవిరుద్ధాలని అధ్యాయారంభంలో చెప్పిన మాటకు ఇది కొనసాగింపు: తీక్ష్ణ, ఉష్ణ, రూక్ష, లఘువులైన మద్యగుణాలకు ఎదురుగా మృదు, శీత, స్నిగ్ధ, గురువులైనవి పాలయందున్నవి. పాలలో భాస్వరం సమృద్ధిగా ఉన్నదన్నది నేటి మాట. ప్రాచీనులకు భాస్వరం తెలియునని చెప్పుట నా అభిమతం కాదు. వారు చూచినది రోగి కోలుకొనుటను.

పానీయాలలో సూత్రస్థానం 23వ అధ్యాయంలోని మంథం ముఖ్యం. ఖర్జూరం, ద్రాక్ష, వృక్షామ్లం, చింతపండు, దానిమ్మ, పరూషకం, ఉసిరిక చేర్చినది మద్యవికారహరమని అందు కలదు. వృక్షామ్లం మన ప్రాంతాన పండదు. చింతపులుపే ఆ పని చేయునని తోచుచున్నది. మధుమేహం గలవారు తీపిని వైద్యుని అడిగి వాడవలెను. పిత్తరోగికి చెప్పిన పెసరకట్టు, పాతబియ్యపు అన్నం మన ఇండ్లలో సులభం. పల్చని జొన్న గటకలో మజ్జిగ కలిపి పెట్టుట గ్రంథంలో లేదు గాని, అన్నం సయించని రోగికి ఇక్కడి స్త్రీలు మొదట ఇచ్చునది ఏదియో అడిగినచో వినబడు మాట అదే.

ఆదిలాబాదులో మరొక ముఖం కలదు. సూత్రస్థానం 25వ అధ్యాయంలోని పుష్పాసవాలు పదింటిలో మధూకం ఒకటి. అదే మన ఇప్ప. ఆ పువ్వునే ఎండబెట్టి గోండులు కరవుకాలంలో ఆహారంగా వాడుకొనిరి. ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు దానితో లడ్డూలు చేయుచున్నారు. ఈతచెట్టు సంగతియు ఇట్టిదే: కల్లు నిచ్చు ఆ చెట్టు ఖర్జూరజాతిది, దాని పండ్లు పిల్లలు ఏరుకొని తిందురు. మంథంలోని ఖర్జూరపదానికి ఈతపండును గ్రహింపవచ్చునా అన్నది నిఘంటుకారుల భేదాలను పోల్చి తేల్చవలసిన ప్రశ్న. మన పరిశోధకవిద్యార్థులలో ఎవరైన దానిని చేపట్టినచో, ధ్వంసకశబ్దానికి తాము వ్రాసికొన్న అర్థాన్ని కూడ ఒకమారు మూలంతో సరిచూచుకొన ప్రార్థన.