బడి కమిటీలో మీరూ నిలబడండి

పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నిక అనగానే సర్కారు బడిలో పిల్లలున్న తల్లిదండ్రుల్లో చాలామంది ఒకే మాట అంటారు: ‘‘పనులు మానుకుని మనమెక్కడ తిరుగుతాం? చదువుకున్నవాళ్లెవరో చూసుకుంటార్లే.’’ ఆ ‘ఎవరో’ పిల్లలు చాలాసార్లు ప్రైవేటు బడిలోనే ఉంటారు. ఈ బడిని నమ్ముకున్నది ఆటో నడిపేవారు, మిర్చి కోతకు వెళ్లేవారు, బట్టల షాపులో పొద్దంతా నిలబడేవారు. కమిటీలో కూర్చోవలసిందీ వాళ్లే. డిగ్రీ అక్కర్లేదు, పార్టీ జెండా అక్కర్లేదు. మీ బిడ్డ ఆ బడిలో చదువుతుండటమే అసలు అర్హత.

చట్టం ఇచ్చిన చోటు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే విద్యా కమిటీల కోసం ఒక చట్టం వచ్చింది. తర్వాత 2009 విద్యాహక్కు చట్టం దేశమంతటా ఈ కమిటీలను తప్పనిసరి చేసింది. ఆ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. బడి నడిచే తీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో పర్యవేక్షించడం కమిటీ పని. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులకు ఇది వర్తిస్తుంది. ఎయిడెడ్ బడుల్లోనూ, మైనారిటీ బడుల్లోనూ కమిటీ సలహాలకే పరిమితం. సాయం తీసుకోని ప్రైవేటు బడులకు ఈ కమిటీ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటా ఈ ఎన్నికలు జరిగాయి. పదవీకాలం రెండేళ్లు. ఒక్కో తరగతి నుంచి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. అంటే ఐదు తరగతుల ప్రాథమిక బడిలో 15 మంది. వీరిలో నుంచే ఛైర్మన్‌ను, వైస్ ఛైర్మన్‌ను ఎన్నుకుంటారు. హెడ్మాస్టరు కన్వీనరుగా ఉంటారు. తెలంగాణలో యాజమాన్య కమిటీలతో పాటు 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. బడి మరమ్మతు పనులు వాటికి అప్పగించారు. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు వాటికి అధ్యక్షత వహిస్తారు.

నిలబడే ముందు

నోటిఫికేషన్ రాగానే చేయాల్సిన మొదటి పని నోటీసు బోర్డులో ఓటర్ల జాబితా చూసుకోవడం. మీ పేరు, మీ భార్య లేదా భర్త పేరు, మీ బిడ్డ తరగతి సరిగా ఉన్నాయా? ఒక బిడ్డకు తల్లీ తండ్రీ ఇద్దరూ ఓటర్లే. పేరు లేకపోతే ఆ రోజే హెడ్మాస్టరుకు రాసివ్వండి. ఎన్నిక రోజు నిలదీస్తే గొడవ తప్ప పేరు ఎక్కదు.

రెండో పని, మీ తరగతి తల్లిదండ్రులతో ముందే మాట్లాడటం. బడి విడిచే వేళ గేటు దగ్గర పావుగంట నిలబడితే సగం మంది కలుస్తారు. ‘‘నాకు ఓటెయ్యండి’’ అనడం కంటే ‘‘బడిలో మీ పాపకు ఏ ఇబ్బంది ఉంది?’’ అని అడగండి. వచ్చిన జవాబులు రాసుకోండి. మీరు పోటీ చేయడానికి కారణమేమిటో ఆ కాగితమే చెబుతుంది. మూడో పని, ఎన్నిక రోజు మీవాళ్లను బడికి రప్పించడం. తరగతి తల్లిదండ్రుల్లో సగం మందైనా రాకపోతే కోరం లేక ఎన్నిక ఆగిపోతుంది.

పెద్దలు ముందే పేర్లు అనుకుని ‘ఏకగ్రీవం’ అనడం చాలా ఊళ్లలో ఉంది. మీకు ఇష్టం లేకపోతే లేచి మీ పేరు చెప్పండి. అది మీ హక్కు. తల్లులకు ప్రత్యేకంగా ఒక మాట: పేరు మీది, కూర్చునేది మీ ఆయన అన్నట్టు జరగనివ్వకండి. మరుగుదొడ్డి తలుపుకు గొళ్లెం లేక ఆడపిల్ల పొద్దంతా నీళ్లు తాగకుండా ఉండిపోతుందన్న సంగతి సమావేశంలో తల్లి చెప్పినట్టు మరొకరు చెప్పలేరు.

గెలిచాక మొదటి నెల

మూడు చోట్లకు వెళ్లండి. మొదటిది మధ్యాహ్న భోజనం. చెప్పకుండా వెళ్లి పిల్లలతో కూర్చుని తినండి. ఆ రోజు హాజరు ఎంత, భోజనం చేసినట్టు రాసింది ఎంత, పంక్తిలో కూర్చున్నది ఎంత చూడండి. బోర్డు మీద గుడ్డు అని ఉన్న రోజు పళ్లెంలో గుడ్డు ఉందా? రెండోది మరుగుదొడ్లు. కుళాయి తిప్పి చూడండి, తలుపు వేసి చూడండి. మూడోది హెడ్మాస్టరు గది. జమాఖర్చుల పుస్తకం, బిల్లులు అడిగి చూడండి. సమగ్ర శిక్ష పథకం కింద బడికి ఏటా కాంపోజిట్ గ్రాంటు ఉంటుంది. పిల్లలు 100 దాటి 250 లోపు ఉంటే అది 50,000 రూపాయలు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు వాడాలి. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని మర్యాదగా అడగండి. అడగడం అనుమానించడం కాదు, చట్టం మీకు అప్పగించిన పని అది.

తీర్మానం రాయించే పద్ధతి

కమిటీ బలమంతా తీర్మానాల పుస్తకంలోనే ఉంది. సమావేశంలో ఎంత గట్టిగా మాట్లాడినా పుస్తకంలోకి ఎక్కని మాటకు విలువ లేదు. ఎక్కినా, పద్ధతిగా ఎక్కాలి. ‘‘మరుగుదొడ్లు బాగు చేయించాలని తీర్మానించడమైనది’’ అని రాస్తే ఏడాది గడిచినా ఆ వాక్యం అలాగే ఉంటుంది. దాన్ని ఇలా రాయించండి: ‘‘బాలికల మరుగుదొడ్లలో రెండు తలుపులకు గొళ్లేలు లేవు, ఒక కుళాయి పనిచేయడం లేదు. కాంపోజిట్ గ్రాంటు నుంచి ఈ నెల 20లోగా బాగు చేయించాలి. బాధ్యత: హెడ్మాస్టరు, వైస్ ఛైర్మన్. వచ్చే సమావేశంలో బిల్లులు చూపాలి.’’ ఏమిటి, ఎంత, ఏ డబ్బుతో, ఎప్పటిలోగా, ఎవరు అన్న ఐదూ ఉంటేనే పని కదులుతుంది. తర్వాతి సమావేశం మొదలవగానే ఈ తీర్మానమే ముందు చదివించండి.

ఖాళీ పేజీ మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. చదవడం రాకపోతే మీరు నమ్మినవారితో చదివించుకుని పెట్టండి. పుస్తకం పేజీని ఫోనులో ఫొటో తీసుకోండి.

అభివృద్ధి ప్రణాళికను కూడా ఇలాగే పట్టించుకోండి. మూడేళ్లకు కలిపి, ఏడాదికేడాది విడదీసి, ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే సిద్ధం చేయాలి. విద్యాహక్కు చట్టం అనుబంధంలోని ప్రమాణాలు చేతిలో ఉంచుకోండి: ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220, తాగునీరు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్లు, వంటగది, ప్రహరీ, ఆటస్థలం. వీటిలో మీ బడికి ఏది లేదో అదే ప్రణాళికలో మొదటి వరుస.

హద్దులు, సమయం

టీచర్లను వేయడం, బదిలీ చేయడం కమిటీ చేతిలో లేదు. టీచరు కొరత ఉంటే హెడ్మాస్టరు మీద అరిచి లాభం లేదు, ఆయనా అదే కొరతతో బడి నెట్టుకొస్తున్నారు. తీర్మానం ప్రతిని మండల విద్యాధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. తరగతిలోకి వెళ్లి పాఠం మధ్యలో టీచర్ను నిలదీయకండి. పిల్లల మీద చెయ్యి చేసుకోవడాన్ని మాత్రం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది కాబట్టి అక్కడ వెనక్కి తగ్గకండి. దెబ్బ తిన్న బిడ్డ పేరు మాత్రం బజారున పడకుండా చూడండి.

ఈ పనికి జీతం లేదు. రోజుకూలీ పోగొట్టుకుని రమ్మనడం న్యాయమూ కాదు. అందుకే మొదటి సమావేశంలోనే వేళ గురించి మాట్లాడండి. పనికి వెళ్లేవాళ్లకు అనువైన రోజు, వేళ పెట్టమని అడగండి. తేదీ కనీసం వారం ముందు చెప్పమనండి. నెలకు రెండు మూడు గంటలు కేటాయించగలిగితే ఇక్కడ చెప్పినవన్నీ చేయొచ్చు.

మీ బడిలో కమిటీ గడువు ఎప్పటితో ముగుస్తుందో రేపు పిల్లల్ని దింపేటప్పుడే అడిగి తెలుసుకోండి. ఈసారి పేర్లు అడిగినప్పుడు పక్కవారి వైపు చూడకుండా మీ పేరు చెప్పండి.