కాదన్న బ్యాంకును కారణం అడగండి

షాపింగ్ మాల్‌లో చిన్న బల్ల వేసుకుని నిల్చున్న కుర్రాడు “సార్, లైఫ్‌టైమ్ ఫ్రీ క్రెడిట్ కార్డు” అంటాడు. అయిదు నిమిషాల్లో పాన్ నంబరు, ఓటీపీ చెప్పించుకుంటాడు. నాలుగు రోజులకు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది: మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నాం. అక్కడ మొదలవుతుంది అసలు తంతు. అదే బ్యాంకు యాప్‌లో ఇంకో రకం కార్డు నొక్కుతారు. అదీ పోతే అదే బ్యాంకుకు మరో ఏజెంటు ద్వారా. చేసేవాళ్లు దీన్ని పట్టుదల అనుకుంటారు. నన్నడిగితే ఉక్రోషం అంటాను. సంబంధం వద్దన్న ఇంటికి వారం తిరక్కుండానే చొక్కా మార్చుకుని మళ్లీ పెళ్లిచూపులకు వెళ్లడం లాంటిది.

మరి అదే బ్యాంకును మళ్లీ అడగడానికి ఎన్నాళ్లు ఆగాలి? ఇన్ని రోజులని చట్టమేదీ చెప్పదు. ఒక్కో బ్యాంకుది ఒక్కో లెక్క, ఆ లెక్కను చాలా బ్యాంకులు బయటపెట్టవు. చాలామంది పాటించేది ఆరు నెలలు. ఏమీ తెలియనప్పుడు ఆ ఆరు నెలలే పట్టుకోండి. కానీ ఏమీ తెలియకుండా ఉండాల్సిన అవసరం లేదు.

రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన కార్డుల నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. దరఖాస్తును తిరస్కరిస్తే, ఎందుకు తిరస్కరించారో ఆ నిర్దిష్ట కారణాన్ని బ్యాంకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఏడాది జులై 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. ‘అంతర్గత విధానం ప్రకారం’ అని ముక్తసరిగా వస్తే, ఆ ముక్కతో సరిపెట్టుకోకండి. దరఖాస్తు నంబరు వేసి, “నిర్దిష్ట కారణం తెలపగలరు” అని ఒక ఈమెయిల్ కొట్టండి. గొడవ పడక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. ‘కాదు’ అనిపించుకున్నాక ముఖం చాటేయకుండా, గొంతు పెంచకుండా ఎందుకని అడగగలగడం పెద్ద నేర్పు. ఉద్యోగం ఇంటర్వ్యూలోనైనా, జీతం పెంపు దగ్గరైనా పనికొచ్చేది ఇదే. కార్డు దగ్గర సాధన చేస్తే పోయేదేమీ లేదు.

కారణం అడగమన్నది ఎందుకంటే, ఎన్నాళ్లు ఆగాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. ఉన్న కార్డు లిమిట్‌లో ఎనభై, తొంభై శాతం వాడేస్తున్నారని కాదన్నారనుకోండి. బాకీ తీర్చేసి, వాడకాన్ని ముప్పై శాతం లోపు ఉంచితే చాలు. 2025 జనవరి నుంచి బ్యాంకులు మన ఖాతాల వివరాలను కనీసం పదిహేను రోజులకోసారి క్రెడిట్ సమాచార సంస్థలకు పంపాలి కాబట్టి, ఆ మార్పు నెలా రెండు నెలల్లో క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. కొత్త ఉద్యోగంలో చేరి నెలే అయిందన్నారా, మూడు నాలుగు జీతాలు ఖాతాలో పడనివ్వండి. ఈ మధ్య చాలాచోట్ల అప్లై చేశారన్నారా, అప్పుడు ఆరు నెలల లెక్క సరిగ్గా సరిపోతుంది. బిల్లులు ఆలస్యంగా కట్టిన మచ్చ ఉంటే మాత్రం ఏడాదైనా ఓపిక పట్టాలి. గడువు దాటిన మూడు రోజుల వరకు ఆలస్యాన్ని సంస్థలకు చెప్పకూడదన్న వెసులుబాటు ఉంది గానీ, అది దాటితే ఆ నెల మన పేరు మీద నమోదైపోతుంది.

కొన్ని కారణాలకు ఎంతకాలం ఆగినా ఉపయోగం లేదు. మీ పిన్‌కోడ్‌లో ఆ బ్యాంకు కార్డులు ఇవ్వదనుకోండి, పదేళ్లు ఆగినా ఇవ్వదు. గతంలో అప్పే లేదు కాబట్టి ఇవ్వలేమంటే, అప్పు చరిత్ర లేనివాడికి ఊరికే కూర్చుంటే చరిత్ర రాదు. అలాంటివాళ్లు అదే బ్యాంకులో చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద కార్డు అడగవచ్చు. డిపాజిట్టే హామీగా ఉంటుంది కాబట్టి పాత చరిత్ర కోసం పెద్దగా పట్టుబట్టరు. ఇక మన తెలుగువాళ్ల ప్రత్యేక సమస్య ఇంటిపేరు. ఆధార్‌లో పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో అది ముందో వెనకో! కంప్యూటరుకు ఈ ముగ్గురూ ఒకరేనని తట్టకపోవచ్చు. పేర్లు ఒకేలా సరిచేయించుకోండి. ఆగాల్సింది ఆ పని పూర్తయ్యేదాకానే.

ఒకే బ్యాంకును వెంటవెంటనే అడగడంలో ఇంకో చిక్కుంది. అప్లై చేసిన ప్రతిసారీ బ్యాంకు నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలైన సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్‌లలో ఏదో ఒకదాన్నుంచి, ఒక్కోసారి ఒకటికి మించి, మన రిపోర్టు తెప్పించుకుంటుంది. ఆ ఎంక్వైరీ తేదీతో సహా అందులో నమోదవుతుంది. ఒక్కదానికి క్రెడిట్ స్కోరు కాస్త తగ్గి మళ్లీ కోలుకుంటుంది. నెలలో నాలుగు కనిపిస్తే ‘ఈ మనిషికి డబ్బు తెగ అవసరం పడింది’ అని చదువుకుంటారు. కార్డు కాదన్నారన్న మాట ఆ రిపోర్టులో ఉండదు. వేరే బ్యాంకుకు కనిపించేది అడిగారన్న సంగతే. కాదన్న బ్యాంకు దగ్గర మాత్రం తన తిరస్కారం, దాని కారణం భద్రంగా ఉంటాయి. పరిస్థితి మారకుండా మళ్లీ అడిగితే పాత సమాధానమే వస్తుంది, పైగా ఇంకో ఎంక్వైరీ ఉచితం.

ఆగే కాలంలో చేతులు ముడుచుకుని కూర్చోకండి. ఆ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాదంతా నిఘా ఉన్నట్టే. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం వదిలేయండి. తీరా చూస్తే, ఎప్పుడో బావమరిది లోనుకు పెట్టిన హామీ సంతకం మీ రిపోర్టులోనూ కనిపించవచ్చు. అతను వాయిదాలు సరిగా కడుతున్నాడో లేదో పండగ భోజనాల దగ్గర అడగలేరు గానీ, రిపోర్టు మొహమాటం లేకుండా చెబుతుంది. తప్పు నమోదు కనిపిస్తే ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలి. బ్యాంకులు మన రిపోర్టు చూసినప్పుడు మనకు మెసేజ్ గానీ ఈమెయిల్ గానీ రావాలి కూడా. ఒక కార్డుకు సంతకం పెట్టించుకున్న ఏజెంటు మూడు బ్యాంకులకు పంపాడేమో అక్కడ తెలిసిపోతుంది.

కార్డు వచ్చినవాళ్ల సంగతి వేరు. అదే బ్యాంకులో రెండోది ఎప్పుడని అడిగే ముందు, రెండోది దేనికో తేల్చుకోండి. లిమిట్ పెరుగుతుందనుకుంటే పొరపాటే. చాలాచోట్ల ఒకే బ్యాంకు ఇచ్చే రెండు కార్డులూ ఒకే లిమిట్‌ను పంచుకుంటాయి. ఆఫర్ల కోసమైతే ఉన్న కార్డునే అప్‌గ్రేడ్ చేయమని అడగడం మేలు. లేదూ, రెండోదే కావాలంటే, మొదటిదాని మీద కనీసం ఆరు బిల్లులు మినిమమ్ డ్యూతో సరిపెట్టకుండా పూర్తిగా కట్టి చూపండి. తర్వాత నెట్ బ్యాంకింగ్‌లో ముందే మంజూరైన ఆఫర్ ఏదైనా ఉందేమో చూడండి. బ్యాంకు తనంతట తాను లెక్క చూసుకుని పిలిస్తే, కాదనే అవకాశం చాలా తక్కువ.

ఇల్లు కొనబోతున్నవాళ్లకు మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. గృహరుణం అడగడానికి ముందు ఆరు నెలలు ఏ బ్యాంకులోనూ కొత్త కార్డు జోలికి వెళ్లకండి. మంజూరు పత్రం వచ్చిందని ఊపిరి పీల్చుకుని వెంటనే అప్లై చేయకండి కూడా. డబ్బు విడుదల చేసేముందు రిపోర్టును మరోసారి తిరగేసే బ్యాంకులున్నాయి.