యూనిక్స్ మూటలు – విండోస్ ముడులు

గత సంవత్సరము మా వార్షిక సంచికకు వచ్చిన తెలుగు, ఉర్దూ రచనలను లినక్సు కంప్యూటరుపై ఒకే ‘టార్’ మూటగా కట్టి, కొల్లూరు నుండి పటాన్‌చెరు పోవు దారిలోని ఒక ముద్రణాలయమునకు పంపితిమి. అచ్చట విండోస్ యంత్రముపై ఒక పాత సాధనముతో మూట విప్పగా, తెలుగు పేర్లున్న చోట గ్రీకు ఆల్ఫాలును చుక్కల గళ్లును, ఉర్దూ పేర్లున్న చోట పెట్టెల మూలగీతలును కనబడినవి. రచయితల పేర్లు ఫైలు పేర్లలోనే యుండెను గాని లోపల లేవు. ఒక విద్యార్థిని వ్యాసము పేరు లేకయే అచ్చయినది. ఆ తప్పు మాదే. కారణము తెలిసికొనుటకు కొంత శ్రమపడితిమి.

మూట చెడలేదు. అందలి బైటు ఒక్కటియు మారలేదు. లినక్సు ఆ పేర్లను యూటీఎఫ్-8 పద్ధతిలో వ్రాసినది. పాత సాధనము వానిని 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన 437వ కోడ్ పేజీ ప్రకారము చదివినది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. ‘కొల్లూరు’ అను మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు కలిసి ఎనిమిది సంకేతములు, అనగా 24 బైట్లు. ఉర్దూలో దానిని కాఫ్, వావ్, లామ్, వావ్, రే అని వ్రాసినచో పదే బైట్లు. తెలుగు సంకేతముల మొదటి బైటు ఎల్లప్పుడు ఒకటే. 437వ పట్టికలో ఆ స్థానమున ఆల్ఫా కలదు. కావుననే ఆ ఆల్ఫాల వరుస!

టార్ పద్ధతి 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పుతో వచ్చినది; పేరులోనే అయస్కాంత టేపు దాగియున్నది. ప్రతి ఫైలుకు ముందు 512 బైట్ల శీర్షిక, అందు పేరునకు 100 బైట్లు మాత్రమే. ‘కొల్లూరు’ను నాలుగుమార్లు వ్రాసిన 96 బైట్లు నిండును! 1988లో దారిపేరునకు మరి 155 బైట్లు చేర్చిరి. 2001 ప్రమాణము పొడవైన పేర్లను యూటీఎఫ్-8లో వ్రాయు వీలు కల్పించినది. టార్ మూటను చిన్నది చేయదు. ఆ పని 1992లో వచ్చిన జీజిప్ వంటివి చేయును. అందుచేత కొన్ని విండోస్ సాధనములతో రెండుమార్లు విప్పవలసి వచ్చును.

ఇంకొక చిక్కు విండోస్ వైపునుండి వచ్చును. అది సాధారణముగా పెద్ద, చిన్న ఆంగ్లాక్షరముల భేదము పాటింపదు. లినక్సు మూలగ్రంథములో ఒకే పేరు పెద్ద, చిన్న అక్షరములతో గల జంట ఫైళ్లున్నవి. విండోస్‌లో విప్పిన ఒకటి రెండవదానిని తుడిచివేయును. తెలుగునకు గాని ఉర్దూకు గాని ఈ భేదమే లేదు కనుక ఈ ఒక్క విషయమున మనము అదృష్టవంతులము. ‘ఆక్స్’, ‘కాన్’ వంటి పేర్లను డాస్ కాలమునుండి పరికరములకు కేటాయించిరి. లినక్సు మూలములో ‘ఆక్స్’ అను ఫైలు నిజముగనే కలదు, దానిని విప్పుటలో విండోస్ మొరాయించును. లింకుల మాట, పంక్తి చివరి గుర్తుల మాట చెప్ప నవసరమే లేదు.

2018 నాటి విండోస్ 10లో టార్ ఆదేశము చేరినది. 2023లో విండోస్ 11 ఫైళ్ల కిటికీలోనే ఈ మూటలు తెరచుకొనుట మొదలైనది. అయినను విప్పకమునుపు పేర్ల పట్టికను చూచుకొనుట మేలు. ఈ యేడు మేము ఫైళ్లకు అంకెలే పెట్టి, రచయిత పేరును ప్రతి రచన తొలి పంక్తిలో వ్రాయించితిమి. పేరు పోయిన ఆ వ్యాసమును ఆమె పేరుతో మరల ఈ సంచికలో వేయుచున్నాము.